బాగైనాక చెప్పు మామా

శేషయ్య చేత "తప్పు నాదే" అనిపించాలి. చాటుమాటుగా కాదు, ఆయన ఇంటి ముందరి అరుగు మీద, పదిమంది చూస్తుండగా అనిపించాలి. రెండేళ్ళుగా సుకన్య కోరిక ఇదొక్కటే. అహోబిలం వెళ్ళి నరసింహస్వామి ముందు నిలబడినా ఆమె అడిగింది ఇదే. పక్కనున్న ఆడవాళ్ళు పిల్లల చదువులూ పంటలూ అడుక్కుంటుంటే, ఈమె పళ్ళు బిగబట్టి ఒక ముసలాయన పొగరు అణచమని అడిగేది. అంత ఉగ్రంగా కూర్చున్న దేవుడికి ఈ మొక్కు తేలిగ్గానే అర్థమవుతుందని ఆమె ధీమా.

శేషయ్య పరాయివాడైతే ఇంత కసి ఉండేది కాదేమో. ఆయన సుకన్య భర్త సందీప్‌కు స్వయానా చిన్నాయన. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోతే సందీప్‌ను తెచ్చుకుని పెంచింది శేషయ్యా, ఆయన భార్య వెంకటమ్మా. వాళ్ళకు పిల్లల్లేరు. ఆళ్లగడ్డకు నాలుగు కిలోమీటర్ల అవతల, కాలువ కింద పన్నెండెకరాల మాగాణి. మాట కరుకు గానీ చెయ్యి ధారాళం. ఊళ్ళో ఎవరింట్లో తగువొచ్చినా శేషయ్య అరుగు మీదే తేలాలి. ఆయన దగ్గర అన్ని జబ్బులకూ ఒకటే మందు, పౌరుషం. దున్నలేని ఎద్దుకైనా, చదవని పిల్లాడికైనా, కాపురం చెయ్యని అల్లుడికైనా పౌరుషం ఎక్కిస్తే లేచి కూర్చుంటారని ఆయన గట్టి నమ్మకం.

రెండేళ్ళ కిందట, వరి పొట్టకొచ్చే రోజుల్లో, సందీప్ మంచం పట్టాడు. జ్వరం లేదు, నొప్పి లేదు. చీకటితోనే మెలకువ వచ్చేది, ఇక నిద్ర పట్టేది కాదు. సంగటి ముద్ద ముందు పెడితే దానికేసి చూస్తూ కూర్చునేవాడు. నీళ్ళు పోసుకోమంటే "రేపు" అనేవాడు. చేనికి మందు కొట్టే అదను దాటిపోయినా కదల్లేదు. "నాతో కాదు. నేను యాడికీ పనికిరాను" అన్న రెండు ముక్కలు తప్ప నోట మాట లేదు. సుకన్య మొదట బతిమాలింది, తర్వాత ఏడ్చింది, ఒకరోజు ఒళ్ళు మండి చేతిలోని చెంబు విసిరింది. అది నుదుటికి తగిలి రక్తం కారినా అతను తుడుచుకోలేదు.

అప్పుడు శేషయ్య రంగంలోకి దిగాడు. ఒక ఆదివారం పొద్దున అరుగు నిండా మగవాళ్ళను కూర్చోబెట్టి, సందీప్‌ను పిలిపించాడు. పళ్ళెంలో ఎర్రచీర, డజను గాజులు, పసుపూ కుంకుమా పెట్టి అతని ముందుకు తోశాడు. ఈ సీమలో పగవాడికి పంపే కానుక అది. నువ్వు మగాడివి కాదని చెప్పడానికి దాన్ని మించిన మాట లేదు. దాన్ని పట్టుకెళ్ళి పెంచిన కొడుక్కి ఇచ్చాడు మహానుభావుడు!

"లేసి చేనికి పోతావా, ల్యాకుంటే ఇవి కట్టుకోని ఇంట్లో కూచుంటావా? మాత్రలు, సూదులు అంటాండావంట. మాత్రలు మింగేటోడు మా వంశంలో పుట్టలేదు" అన్నాడు.

అరుగు మీద నవ్వులు. సందీప్‌కు కోపం వస్తుందని శేషయ్య ఎదురుచూశాడు. పళ్ళెం తన్ని, మీసం మెలేసి, పలుగూ పారా అందుకుంటాడనుకున్నాడు. సందీప్ పళ్ళేన్ని రెండు చేతులా తీసుకున్నాడు. చిన్నాయన కాళ్ళకు దణ్ణం పెట్టి ఇంటికి తెచ్చాడు. మరునాడు పొద్దున్నే కాలువ వైపు నడిచిపోయాడు. కలుపు తీయడానికి పోతున్న ఆడవాళ్ళు చూసి, దూకి, జుట్టు పట్టి లాగారు కాబట్టి సరిపోయింది.

తడిసిన మొగుణ్ణి ఇంట్లో పడుకోబెట్టి, పక్కింటామెను కాపలా పెట్టి, సుకన్య అదే అరుగు దగ్గరికి వెళ్ళింది. పళ్ళేన్ని శేషయ్య ముందు విసిరికొట్టింది. గాజులన్నీ పగిలాయి.

"మామా! ఈ అరుగు మీదనే, ఈ జనం ముందరనే, తప్పు నాదేనని నీ నోటితో చెప్పిస్తా. చెప్పించకపోతే నేను మా నాయనకు పుట్టలా" అంది.

"ఫో మ్మే. పెద్దా చిన్నా లేదు" అన్నాడు శేషయ్య. అంటూనే వంగి గాజుముక్కలు ఏరసాగాడు.

నంద్యాలలో మైథిలి అనే మానసిక వైద్యురాలున్నారని ఎవరో చెప్తే, ఆ రోజే శిరివెళ్ల మీదుగా పోయే బస్సెక్కించి సందీప్‌ను తీసుకెళ్ళింది. డాక్టరమ్మ గంటసేపు అతనితో మాట్లాడి, రక్తపరీక్షలు రాసి, తర్వాత సుకన్యను పిలిచింది. ఇది డిప్రెషన్ అనీ, సోమరితనమూ కాదు, గాలీ ధూళీ కాదు, షుగరూ బీపీల్లాగే ఇదీ ఒంటి జబ్బేననీ చెప్పింది. మెదడులో కోట్ల కణాలుంటాయి. ఒకదాని కబురు ఇంకొకదానికి అందించే రసాయనాలుంటాయి. దిగులు నెలల తరబడి నడిస్తే ఒంట్లో ఊరే ద్రవాలు ఆ కణాల మధ్య అల్లికనే పలచన చేస్తాయి. అప్పుడు నిద్ర చెడుతుంది, ఆకలి చస్తుంది, ఇష్టమనేదే పుట్టదు.

"కోపం కూడా రాదమ్మా. పౌరుషం రావాలన్నా మెదడులో సత్తువ ఉండాలి కదా" అంది డాక్టరమ్మ. "పైగా చెయ్యని తప్పులు కూడా చేసినట్టే తోస్తాయి. మీ ఇళ్ళల్లో ఇంకెవరికన్నా ఇలా ఉండేదా?"

సందీప్ తండ్రి పోయే ముందు ఏడాది పాటు మూల గదిలోంచి బయటికి రాలేదని వెంకటమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ మాటే చెప్పింది సుకన్య. రక్తంలో కొంత ఉంటుందనీ, ఉన్నంత మాత్రాన అందరికీ రావాలని లేదనీ డాక్టరమ్మ అంది.

"మా మామ ఆ చీర ఇచ్చినందుకే గద మేడమ్, ఇదంతా?"

"జబ్బు ముందే వచ్చింది. ఆయన చేసినది పుండు మీద కారం. పుండు మాత్రం ఆయన పెట్టింది కాదు."

సుకన్యకు ఈ జవాబు ఏమాత్రం నచ్చలేదు. మొత్తం నేరం ఆయన మీదే మోపుదామని వచ్చిన మనిషికి సగమే చేతిలో పెడితే ఎలా ఉంటుంది? సరే, సగమైనా చాలు పగబట్టడానికి, అనుకుంది.

మాత్రలు మొదలైన మూడు వారాల దాకా ఏ మార్పూ లేదు. అలాగే ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి ఓర్చుకుంది. పురుగుమందు డబ్బాలన్నీ పక్కూళ్ళో ఉన్న తన అన్న ఇంటికి చేర్చింది. రోజూ ఒకే వేళకు పడుకోబెట్టడం, ఒకే వేళకు లేపడం, పొద్దుటి ఎండలో గట్టు మీద నడిపించడం. మొదట్లో పని కూడా చిటికెడే. ఒకరోజు బర్రెకు నీళ్ళు పెట్టడం, ఒకరోజు గడ్డం గీసుకోవడం. ఐదో వారంలో సందీప్ "చట్నీలో ఇంకొంచెం ఎల్లిపాయ ఏయల్ల" అన్నాడు. ఆ మాటకు సుకన్య వంటింట్లోకి వెళ్ళి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాలుగో నెలకు చేనికి పోతున్నాడు. బాగైంది కదా అని మాత్రలు మానేస్తానంటే కళ్ళెర్రజేసి, డాక్టరమ్మ ఆపమన్న దాకా మింగించింది.

సందీప్ లేచాడు. సుకన్య పగ మాత్రం పడుకోలేదు. శేషయ్య ఎదురైతే కాండ్రించి ఉమ్మేది. ఆయన కూడా మీసం మీద చెయ్యేసుకుని "చూసినావా, పౌరుషమొచ్చి లేసినాడు" అని జనంతో చెప్పేవాడు. తన చికిత్సే పనిచేసిందట! ఆ మాట చెవినబడ్డ రోజు సుకన్య అన్నం తినలేదు.

పోయిన వేసవిలో శేషయ్య కళ్ళంలో కాలుజారి పడ్డాడు. తొంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది, ఎముక అతికింది, మనిషే అతకలేదు. రెండు నెలలైనా మంచం దిగలేదు. మీసం దువ్వడం మానేశాడు. అరుగు ఖాళీ అయింది. చివరికి వెంకటమ్మే సిగ్గు చంపుకుని సుకన్య ఇంటికొచ్చింది.

"అమ్మీ, మీ మామ కూడు ముట్టడం లేదు. తెల్లారకముందే లేసి సూరు దిక్కే చూస్తాండాడు. మన సందీపు మాదిరే. నువ్వు ఆ డాక్టరమ్మ దగ్గరికి..."

నిజం చెప్పాలంటే సుకన్యకు కడుపులో చల్లగా అనిపించింది. దేవుడున్నాడు అనుకుంది. "ఏం అత్తా, చీర పంపమంటావా? గాజులు ఏ సైజు?" అంది.

వెంకటమ్మ గడపలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అది చూసి కూడా సుకన్య తగ్గలేదు. "నంద్యాలకు నేనే పిల్చుకపోతా. ముందు ఆ అరుగు మీద కూచోబెట్టు. ఆ పొద్దు నవ్వినోళ్ళందర్నీ పిలువు. మామ తప్పు ఒప్పుకోవల్ల. ఆ తర్వాతనే బస్సు" అంది.

సందీప్ అప్పుడు చేనికి నీళ్ళు కట్టడానికి పోయి ఉన్నాడు. అతనుంటే ఈ మాట అననిచ్చేవాడు కాదని ఆమెకు తెలుసు. తెలిసే అంది.

మరునాడు పొద్దున ఇద్దరు మగవాళ్ళు శేషయ్యను చెరో రెక్కా పట్టి తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు. ఆ నవ్విన మొహాలన్నీ వచ్చాయి. సుకన్య ఎదురుగా నిలబడింది. రెండేళ్ళు ఎదురుచూసిన ఘడియ అది.

"చెప్పు మామా" అంది.

శేషయ్య తలెత్తలేదు. "తప్పు నాదే" అన్నాడు.

అంత తేలికా? సుకన్య ఇంకా ఊపిరి వదలక ముందే ఆయన మళ్ళీ అందుకున్నాడు.

"తప్పు నాదేమ్మా. వాణ్ణి కాలవలోకి తోసింది నేనే. మా అన్న సచ్చింది గూడా నా వల్లనే. పోయినేడు వాన రాంది నా పాపమే. ఎర్రెద్దు కాలు ఇరగడం నా పాపమే. మీ అత్తకు పిల్లల్లేనిది నా వల్లనే. అందరికీ బరువైపోయినా. నన్ను గూడా ఆ కాలవలో ఏసేయండప్పా."

ఎవరూ నవ్వలేదు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఎవరో చెప్తే చేనినుంచి పరిగెత్తుకొచ్చిన సందీప్, బురద కాళ్ళతోనే అరుగెక్కి చిన్నాయన పక్కన కూర్చున్నాడు.

"ఏందీ పని?" అన్నాడు సుకన్యతో. ఆమె మీద అంత కోపం అతనికి ఎప్పుడూ రాలేదు. "ఈయన చెప్తాండే మాటలు కావివి. రోగం చెప్తాండాది. నేను గూడా ఇట్లనే చెప్తాంటి గద, తప్పంతా నాదే, నేను పనికిరానని. అప్పుడు నమ్మినావా నువ్వు?"

సుకన్యకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. జబ్బు మనిషిని జనం ముందు కూర్చోబెట్టింది. శేషయ్య ఏం చేశాడో సరిగ్గా అదే చేసింది. ఆయనకైతే తెలియదు. తనకు డాక్టరమ్మ చెప్పింది, తెలుసు, తెలిసీ చేసింది. సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా కోపమొచ్చింది. రెండేళ్ళ పగ! వానకూ ఎద్దుకూ కూడా తప్పు ఒప్పుకుంటున్న మనిషి దగ్గర తీర్చుకుంటే దానికేం విలువ? ఇదే మాట ఆ ఎద్దు అడిగినా చెప్పేలా ఉన్నాడు.

"ఈ మాట నాకొద్దు" అంది గట్టిగా. "వినపడిందా? నేను తీసుకోను. బాగైనాక చెప్పు మామా. మీసం మెలేస్తా, నన్ను తిట్టుకుంటా చెప్పు. అంతవరకూ నువ్వు చచ్చేది లేదు."

ఆ మధ్యాహ్నానికే శేషయ్య నంద్యాలలో ఉన్నాడు. చావు మాట ఎత్తాడని సుకన్య డాక్టరమ్మకు మొట్టమొదట చెప్పింది. రక్తపరీక్షలు, థైరాయిడ్, విటమిన్లు అన్నీ చూశారు. పెద్ద వయసు కాబట్టి మందు చిన్న మోతాదుతో మొదలుపెట్టారు. ఒంటరిగా వదలొద్దన్నారు.

ఇక చూడండి సుకన్య సేవ! పొద్దున ఆరున్నరకల్లా వాకరు ఆయన చేతికిచ్చి ఎండలోకి నడిపించేది. "కాళ్ళు లాగుతాండాయి మ్మే" అంటే "లాగనీ, ఇంకో పది అడుగులు" అనేది. మాత్ర నాలుక మీద వేసి, మింగాడో లేదో నోరు తెరిపించి చూసేది. పగలు పడుకోనిచ్చేది కాదు. పాత సావాసగాళ్ళను ఒక్కొక్కరినే పిలిపించి పక్కన కూర్చోబెట్టేది. మూడోసారి నంద్యాల వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ముచ్చటపడి "మీ మామగారంటే ఎంత ప్రేమమ్మా నీకు" అంది. "పగ మేడమ్" అంది సుకన్య. ఆమె నవ్వింది, హాస్యమనుకుని.

ఏడోవారం ఒకరోజు మజ్జిగ గ్లాసు అందిస్తే శేషయ్య ఒక గుటక వేసి మొహం చిట్లించాడు. "ఇవి మజ్జిగనా, కడుగు నీళ్ళా? మీ పుట్టింట్లో ఇట్లనే తాగుతారా?" అన్నాడు.

సుకన్యకు ప్రాణం లేచొచ్చింది. ఆయన తిట్టాడు! వెంకటమ్మ దేవుడి గూట్లో దీపం పెట్టింది. సుకన్య మాత్రం మనసులో కత్తి నూరుకుంది.

ఐదో నెలకు ముసలాయన మీసం మళ్ళీ లేచింది. కర్ర సాయంతో అరుగెక్కి కూర్చుంటున్నాడు, తగువులు తీరుస్తున్నాడు. ఒక ఆదివారం అరుగు నిండుగా ఉన్నప్పుడు సుకన్య వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మామా, బాగైనావు. ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పల్ల?"

"నీకు తెలుసు."

శేషయ్య కర్ర నేలకు తాటించాడు. "వాడు లేవల్లనే చేసినా. పెంచినోణ్ణి, నాకు లేదా బాధ? నేను చెప్పను పో. మాటకొస్తే, నువ్వు విసిరిన చెంబు గీత వాని నుదురు మింద ఇప్పటికీ ఉండాది. నువ్వెప్పుడన్నా చెప్పినావా, తప్పు నాదేనని? పదిమందిలో వద్దు. వాని ముందరన్నా?"

సుకన్య అన్నాళ్ళు అంత కష్టపడి, మాత్ర మాత్ర మింగించి, తన పగవాణ్ణి తన మీదికే లేపి నిలబెట్టుకుంది. వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసింది. ఆ సాయంత్రం సందీప్ కాళ్ళు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు పోస్తూ, "ఆ పొద్దు నీ మీద విసిరినా గదా. తప్పు చేసినా" అంది. రెండేళ్ళలో ఎన్నడూ నోటికి రాని మాట అది. పగ పేరు చెప్పుకుని తన తప్పుకేసి చూడకుండా తిరిగానని అప్పుడు తెలిసి బావురుమంది. సందీప్ ఆమె చేతిలోని చెంబు తీసుకుని పక్కన పెట్టాడు. "నాకు తెలుసు లే" అన్నాడు.

పది రోజుల తర్వాత సుకన్య ఆళ్లగడ్డ సంతకు వెళ్ళొచ్చేసరికి, బస్టాండు పక్కన టీ కొట్టు నడిపే అంకమ్మ వచ్చి గుమ్మం ముందు కాచుకుని ఉంది. వాళ్ళదీ ఈ ఊరే. అంకమ్మ భర్త ఓబులేసు నెలరోజులుగా మంచం దిగడం లేదని సుకన్యకూ తెలుసు.

"అక్కా, నువ్వు లేవు గానీ, ఈ పొద్దు అరుగు కాడ చూడల్ల" అంది అంకమ్మ. "మా ఆయన్ని నలుగురూ నవ్వుకుంటాండిరి, పెండ్లాము సంపాదన తింటా పండుకోనుండాడని. శేషయ్య మామ లేసి నిలబడినాడు. జేబులోంచి మాత్రల అట్ట తీసి అందరికీ చూపించినాడు. 'నాకొచ్చినాది ఈ రోగం. మాత్రలు మింగుతాండా. నేను మగోణ్ణి కాదా? మా పిల్లోనికి వచ్చినప్పుడు నాకు తెలీక చీరిచ్చినా. తప్పు నాదే. చంపినంత పని చేసినా. ఇంగెవుడన్నా నవ్వితే పండ్లు రాలగొడ్తా' అన్యాడు. ఒక్కడు నోరెత్తలా."

సుకన్య సంత సంచి అక్కడే పడేసింది. తను లేనప్పుడు చెప్పాడా! రెండేళ్ళు, రెండేళ్ళు ఆ మాట కోసం పడిగాపులు పడితే, టమాటాలు కొనడానికి పోయిన పూట చూసి చెప్పాడా! ఉక్రోషం పట్టలేక విసవిసా నడిచి అరుగు దగ్గరికి పోయింది. అప్పటికి అక్కడ శేషయ్య ఒక్కడే ఉన్నాడు.

"మళ్ళీ చెప్పు మామా. నేను వినల్ల."

"చెప్పను."

"నా కోసం చెప్పవా?"

"నీ కోసం చెప్పలేదు మ్మే. వాడు ఓబులేసు సచ్చిపోతాడని చెప్పినా." శేషయ్య మీసం మీద చెయ్యి వేయలేదు. తల వంచుకుని కర్ర కొనతో నేల గీకాడు. "మంగళవారం వాణ్ణి నంద్యాలకు పిల్చుకపోవల్ల. నువ్వు గూడా రా. నేను చెప్తే వాడు బస్సెక్కడు. నీ నోటికైతే భయపడతాడు."

సుకన్యకు కోపం ఇంకా ఉంది. పూర్తిగా పోతుందని కూడా ఆమె అనుకోలేదు.

"వస్తా. నిన్ను క్షమించి కాదు" అంది.

"అడిగినానా?" అన్నాడు శేషయ్య. "పొద్దున ఏడింటి బస్సు. బేగా రా."